కప్పు తీసిన మండువా

"అమ్మగోరు తలుపు తియ్యట్లేదమ్మా. రాత్తిరి కాడ నుంచి మంచినీల్లు కూడా ముట్టనేదు. ఏటి సేత్తాం?"

యర్రమ్మ నీళ్లచెంబు పట్టుకుని కొట్టుగది ముందు నిలబడి ఉంది. అలా చెంబు పట్టుకుని నిలబడటం తెల్లారి నుంచి అది నాలుగోసారో అయిదోసారో.

నిన్న సాయంత్రం ధనరాజు పనివాళ్లను పిలిపించి మండువా మీది కప్పు దించేయమన్నప్పుడు, ఆయన తల్లి నరసాయమ్మ ఒక్క మాట అనలేదు. పాత గడ్డి చివికి పొడిపొడిగా దిగింది. గడ్డి మధ్య బిగించిన గాజు పలకలు ఒక్కొక్కటే దిగాయి. ఆఖరి పలక నేలను తాకాక ఆవిడ గోడ పట్టుకుని లేచి, కొట్టుగదిలోకి వెళ్లి, లోపల గడియ వేసుకుంది. కప్పు మళ్లీ వేసేదాకా పచ్చి గంగ కూడా ముట్టనని తలుపు వెనక నుంచి చెప్పింది. ఆ తరువాత ఆ గదిలో దీపం కూడా వెలగలేదు.

కోడలు నీలవేణి వంటింటి గడప దగ్గర స్తంభాన్ని పట్టుకుని ఇదంతా చూస్తోంది. కూర్చోవాలని ఉంది. కూర్చుంటే మళ్లీ లేపడానికి యర్రమ్మ రావాలి. ఆరో నెల కడుపుతో ఉన్న ఏ ఆడమనిషికైనా నడుం లాగుతుంది. నీలవేణికి తొడలు లాగుతాయి, తుంటి లాగుతుంది, దగ్గితే పక్కటెముకలు కలుక్కుమంటాయి. నాలుగడుగులు వేస్తే బాతులా అటూ ఇటూ ఊగిపోతోంది. బద్ధకమని అత్తగారు, వాతమని మంత్రసాని, కడుపుతో ఉన్నావు కదా అని భర్త, తలా ఒక పేరు పెట్టారు. ఎన్ని పేర్లు మారినా నొప్పి మాత్రం తగ్గలేదు.

"తలుపు విరగ్గొట్టించనా?" అన్నాడు ధనరాజు. ఎవరిని అడిగాడో ఆయనకే తెలియదు.

అడవిలో కలప నరికే కూపు దగ్గర ఈయన కేకేస్తే కూలీలు పట్టిన గొడ్డలి పట్టినట్టే నిలబడిపోతారని ప్రతీతి. తల్లి గది ముందు నిలబడితే మాత్రం ఆ గొంతు ఎక్కడికి పోతుందో పోతుంది.

"ఎవరితో విరగ్గొట్టిస్తారండి? మగవాళ్లు లోపలికి వస్తే ఆవిడ ఊరుకుంటారా?" అంది నీలవేణి.

"అమ్మగారి ప్రాణం మీదికి వచ్చేలా ఉంది."

"నా ప్రాణం మీదికి ఎప్పుడో వచ్చిందండి."

ధనరాజు తల తిప్పుకున్నాడు. ఆ మాట అబద్ధమని అనలేడు. మొన్న డాక్టరు తాతారావు గారు చెప్పినప్పుడు తెరకు ఇవతల నిలబడి విన్నది ఆయనే.

ఆ మాటలు నీలవేణి కూడా తెరకు అవతల నిలబడి విన్నది. మన్యంలో జ్వరాల కోసం తిరిగే సర్కారు డాక్టరు ఆయన. ఆడవాళ్లు పరాయి మగవాళ్ల కంటపడని ఘోషా ఇల్లని తెలుసు కనుక లోపలికి రాలేదు. తెర వెనక దీపం పెట్టి, అమ్మగారిని ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి నడవమన్నాడు. తెర మీద ఊగుతూ పోయిన నీడను చివరిదాకా చూశాడు.

"మూడు నెలల కిందట చెప్పాను కదండీ రాజు గారూ, ఎండలో కూర్చోబెట్టమని," అన్నాడు చివరికి.

"కూర్చోబెడుతున్నాం డాక్టరు గారూ! ఒక్క రోజు మానలేదు," అని ధనరాజు ఆడవాళ్లను తెర చాటునే ఉండమని, ఆయన్ని ఉత్సాహంగా తీసుకువెళ్లి మండువా చూపించాడు.

ఆ మండువా సంగతి కొంచెం చెప్పుకోవాలి. కొండ దిగువన, శృంగవరపుకోట అవతల వాళ్ల సొంత ఊళ్లో లోగిలి మధ్య మండువా ఆకాశానికి తెరిచే ఉండేది. చుట్టూ ఎత్తయిన గోడలు. ఆడవాళ్లు పగలంతా అక్కడే తిరిగినా పైనుంచి చూసేది కాకులూ పిచుకలే. మూడేళ్ల కిందట కలప కంట్రాక్టు కోసం అరకు వచ్చి, కొండవాలున ఇల్లు కట్టుకున్నారు. ఇంటికి పైన సంతకు పోయే దారి. ఇక్కడ గోడ ఎంత లేపినా దారి దానికంటే ఎత్తే. ఘోషాకి నాలుగు గోడలు చాలవు, అయిదోది నెత్తి మీద కూడా ఉండాలని నరసాయమ్మ వచ్చిన వారంలోనే తేల్చేసింది. మండువా మీద గడ్డి కప్పించింది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో పట్టపగలు కూడా దీపం పెట్టుకుని బియ్యం ఏరుకోవాలి.

డాక్టరు ఎండ అన్నాక నరసాయమ్మ ఒక రోజంతా ఆలోచించింది. కాఫీ తోట బంగళాకి తెచ్చిన గరుకు గాజు పలకలు మిగిలాయంటే కబురు పెట్టి తెప్పించింది. గడ్డిలో నడిమధ్య వాటిని బిగింపించింది.

"ఎండ రావాలి, కళ్లు రాకూడదు. అంతేగా?" అని తన తెలివికి తనే మురిసిపోయింది.

నీలవేణి కూడా మురిసింది. మూడు నెలలు ఆ గాజు కింద పీట వేసుకుని కూర్చుంది. వెచ్చగా ఉండేది. కడుపులో బిడ్డకు కూడా వెచ్చగా ఉంటుందని అనుకునేది. పోయినేడు మొదటి కాన్పులో దారి దొరక్క, బిడ్డ మంత్రసాని చేతుల్లోనే పోయాడు. ఈసారి అలా కాదని, ఎండ తగులుతోందని ధైర్యం చెప్పుకునేది.

డాక్టరు ఆ గాజు వంక చూసి, తాగడానికి మంచినీళ్లు అడిగాడు. తాగి చెంబు పక్కన పెట్టాడు.

"గాజు వెలుగునిస్తుంది రాజు గారూ, వేడినిస్తుంది. ఎముకకు కావలసినదాన్ని మాత్రం బయటే ఆపేస్తుంది. దొరల సీమలో ఈ మధ్యనే కనిపెట్టారు. ఎముకకు సున్నం కావాలి. అది పాలలో ఉంది, చోళ్లు, అదే రాగుల అంబలిలో ఉంది. తిన్న సున్నం ఎముకకు పట్టాలంటే ఒక విటమిను కావాలి. ఎండ నేరుగా ఒంటి మీద పడితే అది ఒంట్లోనే తయారవుతుంది. చీర మీద పడితే కాదు, గాజులోంచి పడితే కాదు. ఈ జబ్బు ఘోషా ఇళ్లలోనే ఎక్కువ చూస్తున్నాం. కటి ఎముకలు మెత్తబడి లోపలికి ఒరిగితే కాన్పులో బిడ్డకు దారి ఉండదు. అప్పుడు తల్లి కూడా..."

మిగతాది మింగేశాడు. చేపనూనె సీసా ఒకటి ఇచ్చి, రోజూ రెండు చెంచాలు తాగించమన్నాడు. ఇంకో సీసా విశాఖపట్నం నుంచి ఎప్పుడొస్తుందో తెలియదు, దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దని మరీ మరీ చెప్పాడు.

ఆయన వెళ్లాక నరసాయమ్మ తన వైద్యం తను చెప్పింది. "సున్నం తక్కువైతే తాంబూలంలో ఇంకాస్త రాసుకోమను. దానికి కప్పు పీకాలా?"

ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు.

ఇప్పుడు ధనరాజు తలపాగా చుట్టుకుంటున్నాడు.

"రెండు రోజులు ఓపిక పట్టు నీలవేణీ. ఏదో దారి చూస్తాను."

"ఏం దారండి? మా పుట్టింటికి పంపుతారా?"

"ఘాటీ దారిలో బండి కుదుపులు నీకు పనికిరావని డాక్టరు గారన్నారుగా."

"మరి?"

"సంతకి వెళ్లొస్తాను."

"సంతలో ఏం కొంటారండి?"

ఆయన తలపాగా కొసను రెండుసార్లు దోపాడు.

"గడ్డిమోపులా?"

ధనరాజు జవాబు చెప్పకుండా చెప్పులు తొడుక్కున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. తల్లి ముందు కొడుకు, భార్య ముందు భర్త, ఎవరు ఎదురుగా ఉంటే వాళ్ల మనిషి. అదే నీలవేణికి ఒళ్లు మండించింది. కడుపులో బిడ్డ ఆయన ఎదురుగా నిలబడి అడగలేదుగా!

వాకిలి తలుపు పడ్డ చప్పుడయింది.

"యర్రమ్మా, మండువాలో పీట వెయ్యి."

"అమ్మా! ఈయేల సంత. దారి నిండా జనం."

"వెయ్యమన్నానా?"

అరకులో మంచు విడేసరికి పొద్దెక్కిపోతుంది. తూర్పు కొండ మీదుగా ఎండ ఇంట్లో దిగే వేళకు దారి మీద సంత జనం బారులు తీరతారు. నీలవేణి పీట మీద కూర్చుంది. డాక్టరు చెప్పింది గుర్తు తెచ్చుకుని రవిక చేతులు పైకి లాగింది. చీర మోకాళ్ల దాకా తీసింది. పెళ్లయిన నాటి నుంచి తండ్రి, అన్నదమ్ములు, భర్త తప్ప ఏ మగవాడూ ఆమె మణికట్టు చూసి ఎరగడు.

ఎండ భుజాల మీద పడింది. గాజు కింద వెచ్చదనం వేరు, ఇది వేరు. చర్మం చురుక్కుమంది. ఆ చురుకు ఆమెకు ఎంత ఇష్టమైందో, తల ఎత్తడానికి అంత భయమేసింది.

పైన మాటలు ఆగాయి. అడుగుల చప్పుడు కూడా ఆగింది. సిగ్గుతో నీలవేణికి చెవులు వేడెక్కాయి. లేచి పారిపోదామన్నా ఎవరైనా పట్టుకుంటేగాని లేవలేదు.

"ఓలమ్మా! ఈ ఇంట్లో ఇంకో ఆడమనిసి ఉందేటి?" పైనుంచి ఎవరో ఆడగొంతు ఖంగున పలికింది. పసుపు అమ్మవచ్చే సోములమ్మ గొంతది. "మూడేల్లుగా పసుపు కొంటన్నారు, ఎవులికా అనుకున్నాను! ఆడగుంట బాగుంది. ఎండ కాసుకో తల్లీ, కాసుకో."

ఆడవాళ్లు నలుగురైదుగురు నవ్వారు. అందులో ఎగతాళి లేదు. బుట్టలు నెత్తిన సర్దుకుని కొందరు నడిచారు, కొందరు ఇంకా చూస్తూనే ఉన్నారు.

ఆ నవ్వు కొట్టుగదిలోకి వెళ్లింది.

"నీలవేణమ్మా!"

రాత్రి నుంచి పలకని గొంతు. నీలవేణి స్తంభం దాకా పాకి, దాన్ని పట్టుకుని లేచి, తలుపు దగ్గరికి వచ్చింది.

"ఎవరు నవ్వుతున్నారు?"

"సంతకి పోయే ఆడవాళ్లండి అత్తయ్య గారూ."

"నిన్ను చూశారా?"

"చూశారండి."

లోపల చాప తలుపు దాకా జరిగింది. తరువాత నరసాయమ్మ గొంతు తలుపుకు దగ్గరగా, కిందనుంచి వినిపించింది.

"భూములు పోయాయి. మామగారి నాటి పల్లకీ పోయింది. నా కొడుకు అడవిలో దుంగలు లెక్కపెట్టుకుంటున్నాడు. మనం ఫలానా వాళ్లమని చెప్పుకోడానికి ఏం మిగిలింది? ఈ ఇంటి ఆడదాన్ని పరాయివాడు చూడలేదన్న ఒక్క మాట. దాన్ని కూడా సంతలో పెట్టావా?"

"బతకాలని ఉందండి నాకు."

"నేను బతకలేదా? ముప్పై ఏళ్లు ఘోషాలో ఉన్నాను. నాకేం వచ్చింది?"

"మన ఊళ్లో మండువాకి కప్పు లేదండి."

నీలవేణి నుదురు తలుపుకు ఆనించింది.

"అక్కడ మీకు ఎండ తగిలేదండి అత్తయ్య గారూ. ఎవరూ చూడకుండానే తగిలేది. ఇక్కడికి వచ్చాకే కదా అది పోయింది? పోయిన బిడ్డకు తగల్లేదు. ఈ బిడ్డకైనా తగలనివ్వండి."

"చాలు! ఆ బిడ్డను కొండ గాలి తీసుకుపోయింది. నా కప్పు కాదు!"

ఆ కోపంలో నరసాయమ్మ లేవబోయినట్టుంది. చాప జరిగింది, అరచెయ్యి గోడకు గీసుకుంది. ఒక్కసారిగా ఏదో పెద్ద బరువు నేల మీద పడింది. ఇత్తడి బిందె దొర్లుకుంటూ వెళ్లి గోడకు కొట్టుకుంది. దానికి ముందు ఇంకో చిన్న చప్పుడు కూడా నీలవేణికి వినిపించింది. ఎండుకట్టె విరిగినట్టు.

"అత్తయ్య గారూ!"

మూలుగు.

"గడియ తీయండి అత్తయ్య గారూ!"

"లేవలేకపోతున్నానే. కాలు నా మాట వినడం లేదు."

ఏడాదిగా రాత్రిపూట యర్రమ్మ ఆవిడ తొడలకు ఆముదం పట్టించడం, గోడ పట్టుకోకుండా ఆవిడ ఎప్పుడూ లేవకపోవడం నీలవేణి కళ్ల ముందు తిరిగాయి. పెద్దరికం అనుకుంది. దర్జా అనుకుంది. తనకున్న నొప్పే ఆవిడకూ ఉందని, కోడలి ముందు పళ్లు బిగబట్టుకుని తిరుగుతోందని ఒక్కనాడూ తట్టలేదు.

"యర్రమ్మా! బేగి సంతకి పరిగెత్తు! బాబు గారిని తీసుకురా. అటునుంచటే డాక్టరు గారి డేరాకి కబురు పంపించు."

యర్రమ్మ చెంబు అక్కడే వదిలేసి పరిగెత్తింది. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లే మిగిలారు, మధ్య ఒక టేకు తలుపు. నీలవేణి భుజంతో తోసింది. తలుపు కదల్లేదు, ఆమె పక్కటెముకలే కలుక్కుమన్నాయి.

"నీళ్లు," అంది లోపలి గొంతు.

గడప పక్కనే చెంబు నిండా నీళ్లున్నాయి. నీలవేణికి ఏడుపు వచ్చింది.

"అత్తయ్య గారూ, దారి మీదివాళ్లను పిలుస్తానండి."

"వద్దు."

"సంత నుంచి ఆయన వచ్చేసరికి చాలాసేపవుతుందండి."

"మగవాళ్లను లోపలికి పిలిచావంటే నా మీద ఒట్టే. అలాగే పోతాను గాని..."

మాట మధ్యలో మూలుగై ఆగిపోయింది. మళ్లీ రాలేదు.

నీలవేణి మండువాలోకి నడిచింది. నడిమధ్య నిలబడి తల ఎత్తింది. దారి మీద మనుషులు కనిపించారు. వాళ్లలో నిన్న కప్పు దించిన సోంబరు ఉన్నాడు. నిన్న అతను పని చేస్తున్నంతసేపూ ఆమె వంటింట్లో తలుపులు వేసుకుని, సందులోంచి చూస్తూ కూర్చుంది. అతని పేరు భర్త పిలుస్తుండగా విన్నదే.

"సోంబరూ!"

ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. పరాయి మగవాణ్ని పేరు పెట్టి కేకేయడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"సోంబరూ! దిగి రా! గొడ్డలి తెచ్చుకో!"

మోకాళ్లు గీసుకుంటున్నా లెక్కచేయకుండా వాలు మీదుగా ఇద్దరు దూకుతూ దిగారు. వాళ్ల అడుగులు వాకిట్లో వినపడగానే తలుపు వెనక నరసాయమ్మకు తెలివి వచ్చింది.

"నీలవేణమ్మా, నెత్తి మీద కొంగు జారిపోయింది. అందడం లేదు. వాళ్లు వచ్చేలోగా..."

"నేనున్నానండి. నేనే ముందు వస్తానండి."

రెండు దెబ్బలకు బందు ఊడింది. తలుపు ఒరుగుతుంటే సోంబరు దాన్ని ఆపి పట్టుకుని, మొహం అటు తిప్పుకున్నాడు. తన తలగుడ్డ విప్పి వెనక్కి చాచాడు.

"నువ్వెల్లి కప్పమ్మా ముందు. అయ్యాక సెప్పు, వొత్తాం."

ఊడిన తలుపు రెక్క మీదే ఆవిడను పడుకోబెట్టి ఇవతలికి తెచ్చారు. గదులన్నీ చీకటి. కాలు ఎలా ఉందో చూడాలన్నా వెలుగున్నది మండువాలోనే. అక్కడే దించారు. ఎడమ తొడ వంకర తిరిగి ఉంది. కదిపితే నరసాయమ్మ కేక పెట్టింది. నీలవేణి గోడ పట్టుకుని మెల్లగా పక్కన కూలబడి, చెంబులో నీళ్లు కొంచెం కొంచెంగా తాగించింది. సోంబరూ రెండోవాడూ వాకిట్లోకి పోయి గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

ఎండ నరసాయమ్మ మొహం మీద పడింది. ఆవిడ కళ్లు మూసుకుంది. నీలవేణి ఆ తలగుడ్డను మొహం మీదికి లాగబోతే ఆవిడ చేతితో ఆపింది.

వాకిలి తలుపు తెరుచుకుంది. ధనరాజు రొప్పుతూ వచ్చాడు. దారిలో యర్రమ్మ చెప్పినట్టుంది, మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన వెనకే కూలీలు నలుగురు గడ్డిమోపులతో వాకిట్లో నిలబడ్డారు.

"అమ్మగారూ!" అని తల దగ్గర మోకాళ్ల మీద పడ్డాడు. "డాక్టరు గారికి మనిషిని పంపాను. వచ్చేస్తున్నారు. కప్పు ఈపూటే వేయించేస్తానండి. గడ్డి కూడా తెచ్చాను, చూడండి."

వాకిట్లోంచి ఒక కూలీ అడిగాడు. "మోపులు ఏడ దించమంటారు దొరా?"

ధనరాజు తల్లి వంక చూశాడు. భార్య వంక చూశాడు. ఇప్పుడు ఇద్దరూ ఎదురుగానే ఉన్నారు.

"గొడ్లసావిడి కప్పు కారుతోందిగా," అంది నరసాయమ్మ కళ్లు తెరవకుండానే. "దాని మీద వేయించు."

ధనరాజు లేచి వాకిట్లోకి వెళ్లాడు. మోపులు దూరంగా ఈడ్చుకుపోతున్న చప్పుడు వినిపించింది. నీలవేణికి కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు. గెలిచానన్న సంతోషం కాదది. ఇన్నాళ్లూ ఒంటరిగా మోసిన బరువుకు ఇంకొకరు చెయ్యి వేసినట్టుంది.

నరసాయమ్మ చెయ్యి వెతుక్కుంటూ వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఎముక గట్టిపడటానికి ఎన్నాళ్లు పడుతుందన్నాడు, ఆ డాక్టరు?"

"నూనె తాగుతూ రోజూ ఎండలో కూర్చుంటే..."

"ఎన్నాళ్లు?"

"అయిదారు నెలలన్నారండి."

నరసాయమ్మ కళ్లు తెరిచింది. కప్పు లేని ఆకాశం వంక చాలాసేపు చూసింది. తరువాత తల తిప్పి కోడలి కడుపు వంక చూసింది.

"నీకు ఆరో నెల వెళ్లిపోతోంది. ఇంక మూడు నెలలేగా," అంది.

నీలవేణి తల వంచుకుంది. ఆ లెక్క ఆమె మొన్ననే, తెర వెనక నిలబడి వేసుకుంది. ఇంట్లో ఇంకెవరికీ చెప్పలేదు.